కాసులమ్మ రాసిన ఏడు రోజులు

ఆ మంగళవారం పొద్దున్న కాసులమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి వాట్‌గంజ్ మలుపులో బస్సెక్కాలి. పెద్దాసుపత్రిలో బయటి రోగుల్ని చూసే ఔట్‌డోర్‌లో టికెట్టు తీసుకోవాలి. కడుపు డాక్టరుకి నోటు పుస్తకం చూపించి, ఆయన రాసిన మాత్రలు పుచ్చుకుని, పన్నెండింటికి కుళాయిలో నీళ్ళొచ్చేలోగా ఇంటికి చేరిపోవాలి. పక్కింటి తవిటమ్మకి బిందెలు అప్పజెప్పి, "నాను రాకపోతే వరసలో నా బిందె జరుపుతుండు అప్పా" అని మరీ మరీ చెప్పి బయల్దేరింది.

వెనకాల ఆమె కొడుకు కోదండం నడుస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, పోర్టు లాంచీ మీద ఖలాసీ. మనిషి మణికట్టంత లావున్న తాడుని ఒంటిచేత్తో లాగి ఒడ్డున గూటానికి బిగించగలడు. అలాంటివాడికి రెండు నెలలుగా రొమ్ము కింద మంట. కడుపు ఖాళీ అయితే మంట, కోడి కూసే వేళకి మంట. లుంగీ ముడి రోజురోజుకీ లోపలికి జరుగుతోంది.

కాసులమ్మ మామూలుగానే భయస్తురాలు. కొడుకు తుమ్మితే ఊపిరితిత్తులు పోయాయనుకుంటుంది. పావుగంట ఆలస్యమైతే లాంచీ మునిగిందనుకుంటుంది. మునిగిన లాంచీలోంచి ఎవరు ముందు తేలారో కూడా ఊహించేసుకుంటుంది. కానీ ఈ మంట సంగతిలో ఆమె భయానికి కారణం ఉంది. తొమ్మిదేళ్ళ కిందట మొగుడు కూర్మయ్య కడుపు పట్టుకుని కూర్చుంటే, కూలీల లైనంతా చుట్టూ చేరి "గ్యాసు, గ్యాసు" అంది. సోడా పట్టించింది, వాము నమిలించింది. మూడో రోజు ఆసుపత్రికి మోసుకెళ్ళేసరికే ఆలస్యమైపోయింది, మనిషి దక్కలేదు. అందుకే కోదండం నోట "గ్యాసేలే అమ్మా" అన్న మాట రాగానే ఆమె వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చింది. అది కిందటి మంగళవారం మాట.

ఔట్‌డోర్‌లో ఉన్న కడుపు డాక్టరు తెలుగాయన అని తెలిసి కాసులమ్మకి ప్రాణం లేచొచ్చింది. పేరు సోమయాజులు. కాకినాడలో డాక్టరీ చదివి, కడుపు, పేగుల పెద్ద చదువు కోసం ఈ బెంగాలీ ఊరొచ్చి, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కోదండం పొట్ట నాలుగు చోట్ల నొక్కాడు, నాలిక చూశాడు, బరువు తూయించి, పోర్టు చీటీలో ఉన్నదానికంటే అయిదు కిలోలు తగ్గాడన్నాడు. "ఖాళీ కడుపున టీ తాగకు. ఒళ్ళు నొప్పులని నీ ఇష్టం వచ్చినట్టు మాత్రలు మింగకు. తిన్నవెంటనే నడుం వాల్చకు. నీళ్ళు కాచి తాగు. విరేచనం నల్లగా తారులా వస్తే మాత్రం మంగళవారం దాకా ఆగకుండా ఆ గంటలోనే ఇక్కడికి వచ్చెయ్యి," అన్నాడు. అని, కాసులమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నీకు చదువొచ్చా?"

"అయిదు దాకా సదివానండి, సోంపేట కాడ."

"చాలు. ఏడు రోజులు ఒక పుస్తకంలో రాయి. అబ్బాయి ఏ పూట ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, నొప్పి ఎప్పుడొచ్చింది. తెలుగులోనే రాయి, నేను చదువుకుంటాను. ఆ పుస్తకాన్ని బట్టే నా వైద్యం."

చిక్కంతా అక్కడ మొదలైంది. మొదటి రోజు సాయంత్రం కోదండం డ్యూటీ దిగొచ్చి, గోడకి ఆనుకుని, ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పాడు. వాడు చదివింది హిందీ బడిలో, పెరిగింది బెంగాలీ వీధిలో. తెలుగులో తన పేరు తప్ప మరో అక్షరం పోల్చుకోలేడు. అందుకని తను చెప్పడం, అమ్మ రాయడం.

"పొద్దున చాయ్. లాంచీ మీద ఇంకో రెండు చాయ్‌లు. పదింటికి పచ్చిమిరపకాయలేసిన ముడి మరమరాలు. మద్దినేళ నువ్వు కట్టిన అన్నం, ఎండునెత్తళ్ళ ఇగురు. నాలుగింటికి నూనిలో ఏపిన తేలేభాజా. మళ్ళీ చాయ్. రాసావేటి?"

కాసులమ్మ పెన్సిలు 'ఎం' దగ్గర ఆగిపోయింది. ఆ పుస్తకాన్ని పట్టుకోబోయేది ఎవరు? సోమయాజులు గారు. ఆ పేరున్న మనిషి చేతిలో పెట్టే కాగితం మీద ఎండునెత్తళ్ళా? ఆదివారం నాడు మేకపేగులు వండితే అదీ రాయాలా? లోపలికి వెళ్ళి గోడవతల తవిటమ్మని గుసగుసగా అడిగింది.

"ఈ ఊల్లో బామ్మర్లు సేపలు తింతారు కదే," అంది తవిటమ్మ. ఆమె కార్పొరేషన్‌లో వీధులూడ్చే మనిషి, ఈ ఊరి బ్రాహ్మలందరి చెత్తబుట్టలూ చూసినది.

"ఈ ఊరి బామ్మర్లు ఏరు. మన బామ్మర్లు ఏరు," అంది కాసులమ్మ.

దాని వెనకాల ఇంకో ఆలోచన కూడా వచ్చింది. అసలు ఆ పుస్తకం కోదండానికి పరీక్షా, తనకి పరీక్షా? కొడుకు అయిదు కిలోలు చిక్కిపోతే డాక్టరు ఎవరి మొహం చూస్తాడు? తండ్రి లేని కుర్రాడికి ఈవిడ పెట్టే తిండి ఇదా అనుకోడూ? పెన్సిలు తడి చేసుకుని రాసింది: పొద్దున్న ఇడ్లీ రెండు, చట్నీ లేదు. పాలు. మధ్యాహ్నం అన్నం, బీరకాయ. సాయంత్రం అరటిపండు.

ఒకసారి మొదలయ్యాక చెయ్యి ఆగలేదు. బుధవారం పెసరకట్టు పెట్టింది. శుక్రవారం ఆనపకాయ పాలు పోసి వండింది. శనివారానికి ధైర్యం వచ్చి ఆపిల్ కూడా తినిపించింది. ఒక్క నొప్పి దగ్గర మాత్రం ఆమెకి అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. వాడు ఎన్నిసార్లు అన్నాడో అన్నిసార్లూ, ఏ వేళకి అన్నాడో ఆ వేళకే రాసింది.

ఇప్పుడా పుస్తకం సోమయాజులు చేతిలో ఉంది. ఆయన మొదటి పేజీ చదివాడు. కళ్ళజోడు సర్దుకుని రెండోది చదివాడు. మూడో పేజీకి కనుబొమలు రెండూ ఒకదాన్నొకటి తాకాయి.

"ఇది రాసింది ఎవరు?"

"నానేనండి బాబూ."

"ఏమయ్యా, ఇందులో రాసినవన్నీ నిజంగా తిన్నావా?"

"తిన్నానండి," అన్నాడు కోదండం, ఎంతో నిజాయితీగా. "ఏ పూటకాపూట నాను సెప్పాను, అమ్మ రాసింది. ఒక్క మెతుకు ఒగ్గీలేదు."

డాక్టరు పుస్తకం పైకెత్తి, పక్కనున్న చిన్న డాక్టర్లకి, బెంచీల మీదున్న రోగులకి కలిపి బెంగాలీలో చెప్పాడు. రేవులో పనిచేసే కుర్రాడికి ఒక తల్లి ఏం పెడుతోందో చూడండి, మీరు నాకు రోజూ తేలేభాజా కథలు చెబుతారు, అన్నాడు. నలభై తలలు కాసులమ్మ వైపు తిరిగాయి. ముందు బెంచీ మీది ముసలావిడ లేచొచ్చి ఆమె గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కాసులమ్మ నేల వైపు చూసింది. అది వినయం అనుకున్నారు అందరూ.

"నాకు భయం వేస్తున్నది కూడా ఇందుకేనమ్మా," అన్నాడు డాక్టరు, కోదండాన్ని టికెట్టు మీద ముద్ర వేయించుకు రమ్మని పంపి, తెలుగులో, గొంతు తగ్గించి.

డాక్టరు నోట భయం అన్న మాట కాసులమ్మ అంతవరకూ వినలేదు. ఆ పని తనది, ఆయనది కాదు.

"కారం తినేవాడికి మంటొస్తే కారం తగ్గించమంటాను. టీ తాగేవాడికొస్తే టీ మానమంటాను. వీణ్ణి ఏం మానమనను? ఇడ్లీ మానమననా? ఇంత శుభ్రంగా తింటూ, ఈ వయసులో అయిదు కిలోలు తగ్గి, తెల్లవారుజామున నొప్పితో లేస్తున్నాడంటే లోపల ఇంకేదో ఉంది. ఎండోస్కోపీ చెయ్యాలి. నోట్లోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివర దీపంతో లోపలంతా చూస్తాం. దాంట్లోనూ తేలకపోతే సర్జన్‌తో మాట్లాడి పొట్ట తెరిచి చూడాల్సి రావచ్చు."

"తెరిసీ?" అంది కాసులమ్మ.

"రావచ్చు అన్నానమ్మా. వస్తుందనలేదు."

ఆమెకి 'తెరిచి' ఒక్కటే వినిపించింది. నోరు విప్పి, బాబూ అదంతా నాను కల్పించినదండీ అని చెప్పేద్దామనుకుంది. కానీ ముసలావిడ ఇంకా తన గడ్డం వదల్లేదు. నలభై మంది ఇంకా చూస్తున్నారు. లోపల నిజం గొంతు దాకా వచ్చి, అక్కడ మనుషుల్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి కుళాయి కట్టేశారు. ఆమె నీళ్ళ మాటే ఎత్తలేదు. తవిటమ్మని లోపలికి పిలిచి, తలుపేసి, జరిగిందంతా చెప్పి, "నా సేతులతో నాను నా కొడుకు పొట్ట కోయిత్తన్నాను అప్పా" అని ఏడ్చింది.

"గొట్టం పరీచ్చకి తారీకు ఎప్పుడిచ్చారు?" అంది తవిటమ్మ.

"నెలన్నర తరవాత."

"మరింకేటి ఏడుపు? ఈ నెలన్నరా ఆ పుత్తకంలో ఏటి రాసావో అదే వొండి పెట్టీ. అబద్దం కాస్తా నిజమైపోతాది. పుండున్నా మానిపోతాది. మళ్ళీ ఆ డాట్రు మొకం సూడక్కర్లేదు."

ఈ ఉపాయం కాసులమ్మకి దేవుడు చెప్పినట్టనిపించింది. ఆ సాయంత్రమే బీరకాయ చప్పగా వండి, కొడుకు ముందు పెట్టింది. కోదండం కంచం వైపు చూసి, తలెత్తి, "ఎవలు సచ్చిపోనారే?" అన్నాడు.

"నోరు ముయ్యి. తిను."

"కారం లేదు, ఉప్పు లేదు. దీన్ని తినడం కంటే ఆ గొట్టమే నయం," అంటూ రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. పోయినవాడు ఊరుకోక, లాంచీ ఘాట్ దగ్గర పెద్దిరాజుతో తన కడుపు కథంతా చెప్పాడు.

పెద్దిరాజు యూనియన్ మనిషి. పాతికేళ్ళుగా తెలుగు కూలీలకి ఏ కష్టమొచ్చినా దాన్ని ముందు సమస్యగా మార్చి, తరవాత పరిష్కరిస్తాడు. బుధవారం పొద్దున్నే కాగితం ఊపుకుంటూ కాసులమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటొదినా, ఖలాసీ కడుపుకి నెలన్నర తారీకా? మన కాడ సెప్పుకోనక్కర్లేదా? పార్టీ లోకల్ కమిటీ ఆపీసుకెల్లి ఉత్తరం రాయించాను. సంతకం, ముద్దర అన్నీ ఉన్నాయి. ఈ రోజే ఆసుపత్రిలో భర్తీ. రేపు పొద్దున గొట్టం."

కాసులమ్మ గుమ్మం పట్టుకుంది. "ఎందుకు బాబూ అంత బేగి? ఆడికి నెమ్మదిగానే ఉన్నాది. నెలన్నర ఆగుదుము."

"మొగమాట పడకొదినా. నువ్వు పెట్టే తిండి గురించి ఆ డాట్రు ఔట్‌డోరంతా సెప్పాడంట కదా! కోదండమే సెప్పాడు. అలాటి తల్లికి ఈపాటి సేయలేమేటి?" అని, బయట నిలబెట్టిన రిక్షా చూపించాడు.

మధ్యాహ్నానికి కోదండానికి మంచం దొరికింది. నెల రోజులుగా మంచం కోసం వరండాలో పడుకున్నవాళ్ళు వాణ్ణి చూసి, వీడు ఎవరి తాలూకో అని గుసగుసలాడుకున్నారు. మంచం కాళ్ళవైపు కేసు కాగితాలతోబాటు కాసులమ్మ పుస్తకానికి కూడా దారం కట్టి వేలాడదీశారు. సోమయాజులు దాన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి చిన్న డాక్టర్లకి చదివి వినిపించాడు. చిన్న డాక్టర్లు దాన్ని బెంగాలీలో రాసుకున్నారు. సాయంత్రానికి వేరే వార్డు నుంచి ఇద్దరొచ్చారు. ఆ తరవాత తెల్లగడ్డం సర్జన్ ఒకాయన వచ్చాడు. ఆ పుస్తకం సంగతి విన్న ప్రతివాళ్ళూ వచ్చి కోదండం పొట్ట నొక్కారు. నొక్కిన ప్రతివాళ్ళ మొహమూ వచ్చినప్పటికంటే వెళ్ళేటప్పుడు మరికాస్త గంభీరంగా ఉంది. కాసులమ్మ స్టూలు మీద కూర్చుని ఆ మొహాలు లెక్కపెట్టుకుంది. ఏడు.

ఆయా ఒకామె రూలు చెప్పి వెళ్ళింది. రేపు పరీక్ష దాకా నోట్లోకి ఏమీ పోకూడదు. నీళ్ళ చుక్క పోయినా పరీక్ష ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పటికో తారీకు ఇస్తారు.

'ఆగిపోతుంది' అన్న మాట కాసులమ్మ చెవికి తియ్యగా తగిలింది.

గురువారం పొద్దున్న ఏడింటికే ఆమె వార్డులో ఉంది. కొంగు చివర నాలుగు బిస్కట్లు ముడేసుకుంది. రాత్రంతా రెండు భయాల మధ్య నలిగింది. పరీక్ష జరిగితే కొడుకు పొట్ట కోస్తారు. ఆగితే, లోపల నిజంగానే ఏదైనా ఉంటే? తండ్రిలాగే పోతే? ఏది పెద్ద భయమో తూచుకోలేక, దగ్గరలో ఉన్న భయాన్ని ముందు ఆపుదామనుకుంది.

"కోదండం, ఇది నోట్లో ఏసుకోరా. ఒక్కటే. ఎవలికీ సెప్పకు."

"పిచ్చేటే నీకు? డాట్రు వొద్దన్నాడు."

"తల్లిని నాను సెప్తన్నాను."

"నిన్ననేమో డాట్రు మాట ఇనమన్నావు. ఈ రోజు ఇనొద్దంటున్నావు. ఏదో ఒకటి తేల్చీ," అని వాడు బిస్కట్లు లాక్కున్నాడు. తల్లి మళ్ళీ బతిమాలకుండా ఉండాలని వాటిని పక్క మంచం మీదున్న ముసలాయనకి ఇచ్చేశాడు. ఆయన పాత ట్రాము కండక్టరు. ఆ రోజు గొట్టం పరీక్షలో మొదటి నంబరు ఆయనదే, కోదండానిది ఆరోది. రాత్రి నుంచి ఆకలితో కళ్ళు మూసుకుపోతున్న ఆ పెద్దమనిషి నాలుగు బిస్కట్లూ నాలుగు క్షణాల్లో నమిలేసి, "బేఁచే థాకో బాబా" అని కోదండాన్ని దీవించాడు. బతికుండు నాయనా అని.

నర్సు ఆయన మీసాల్లో పొడి చూసింది. కేకలు వినబడ్డాయి. మొదటి నంబరు కొట్టేశారు. రెండో నంబరు ఇంకా రాలేదు. మూడో నంబరుకి జ్వరం. మిగతా ఇద్దరి రక్తం రిపోర్టులు కింద నుంచి రాలేదు. "ఆరో నంబరు సిద్ధంగా ఉన్నాడా? అయితే తీసుకు రండి," అన్నారు లోపల్నించి.

కాసులమ్మకి ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి కొడుకు చక్రాల బండి మీద నడవాలో వెళ్ళిపోతున్నాడు. వాడి గొంతులోకి తిమ్మిరి మందు కూడా కొట్టేశారు. పరీక్ష గది గుమ్మంలో బల్ల మీద తెల్లగడ్డం సర్జన్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, చేతిలో ఆమె పుస్తకం. ఆ కూర్చోవడం చూస్తే, ఇక కొయ్యడమే తరువాయి అన్నట్టుంది ఆమె కంటికి.

ఆమె పరిగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. ఆయా చెయ్యి అడ్డం పెడితే దాని కిందనుంచి దూరి, సోమయాజులు కట్టుకున్న ఆకుపచ్చ గౌను పట్టుకుంది.

"బాబూ, ఆ పుత్తకం అబద్దం!"

"ఏ పుస్తకం?"

"నాను రాసిన పుత్తకం! ఆడు ఇడ్లీ తిన్లేదు. ఆపిలు నేదు, పాలు నేదు. నెత్తళ్ళు తిన్నాడండి. కవ్వళ్ళ సేపలు తిన్నాడు. ఆదోరం మేకపేగులు నానే వొండాను, కారం ముద్దలా ఏసి. రోజుకి ఎనిమిది చాయ్‌లండి, సగం ఉత్తి కడుపునే. పచ్చిమిరపకాయలు ఇలా నమిల్తాడు, అరటిపండు తిన్నట్టు. బీరకాయ ఆడి జన్మలో ముట్టలేదండి, మొన్నొక్క రోజు తప్ప. తప్పు నాది. నన్ను కొయ్యండి, ఆణ్ణి కొయ్యకండి."

నడవాలో అందరూ నిలబడిపోయారు. బండి మీదున్న కోదండం లేచి కూర్చుని ఏదో అనబోయాడు. గొంతు తిమ్మిరెక్కి మాట రాలేదు. చూపుడువేలు తల్లి వైపు చాపి, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"ఎందుకు రాశావమ్మా ఇలా?" అన్నాడు డాక్టరు. గొంతులో కోపం ఉంది, అంతకంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది.

"తమరు సోమయాజులు గోరు. తమరు సేత్తో అట్టుకునే పుత్తకంలో ఎండుసేపలు ఎలా రాస్తానండి?"

డాక్టరు నోటి గుడ్డ కిందికి లాగాడు. "అమ్మా, మా ఆవిడది చందన్‌నగర్. మా ఇంట్లో చేప లేని రోజు లేదు. ఎండుచేప ఆవిడ రానివ్వదు గానీ, రానిస్తే నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. తరవాత సర్జన్‌తో బెంగాలీలో రెండు ముక్కలు మాట్లాడాడు. సర్జన్ పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, మోసం చేసిన మనిషిని చూసినట్టు చూసి, బల్ల మీద పెట్టేశాడు.

"ఇంత కారం తింటున్నాడని తెలిస్తే నేను ఈ పరీక్ష రాసేవాణ్ణే కాదు," అన్నాడు సోమయాజులు. "పదిమంది పని ఆపి వీణ్ణి తెచ్చారు. సరే, గొంతుకి మందు కొట్టేశారు కదా, ఒకసారి చూసేస్తాను. నువ్వు బయట కూర్చో. ఇంకేమీ రాయకు."

తలుపు మూసుకుంది.

బయట కాసులమ్మకి కూర్చోవడం చేతకాలేదు. నిలబడడమూ చేతకాలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి తలుపు బయటే, ఇలాగే ఒక చెప్పుతో నిలబడింది. ఆ రోజు లోపల్నించి వచ్చిన డాక్టరు ముందు తన చేతులు తుడుచుకున్నాడు, ఆ తరవాత మాట్లాడాడు. ఆమెకి ఆ చేతులే గుర్తు. ఇప్పుడు తలుపు తెరుచుకుంటే మొహం చూడకూడదు, చేతులు చూడాలి అనుకుంది. పెద్దిరాజు ఎక్కణ్ణించో వచ్చి, "ఏటొదినా, ఎవలైనా ఇబ్బంది పెట్టారేటి? సెప్పు, ఇప్పుడే ఇంకో ఉత్తరం..." అనబోయి, ఆమె చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

ఇరవై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. సోమయాజులు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

కాసులమ్మ గోడకి జారిపోయింది.

"లే అమ్మా, లే. అబ్బాయి బాగానే ఉన్నాడు. కొయ్యక్కర్లేదు." ఆయన కూడా పక్కనే మోకాలు వంచి కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. "పుండు ఉంది. ఆహారం పొట్టలోంచి పేగులోకి దిగే చోట, లోతుగా. ఇంకో నెలా రెండు నెలలు ఆగితే రక్తం కక్కుకునేవాడు, లేకపోతే చిల్లు పడేది. ఇప్పుడు చూశాం కాబట్టి మాత్రలతో పోతుంది."

"నా నెత్తళ్ళ వల్లేనా బాబూ?"

"కాదు. కారం వల్ల మంట ఎక్కువవుతుందేమో గానీ ఈ పుండు కారం వల్ల వచ్చింది కాదు. నెత్తళ్ళ వల్లా కాదు. ఇది పురుగు, కంటికి కనబడనంత చిన్నది. నీళ్ళ ద్వారా, చేతుల ద్వారా లోపలికి పోయి ఏళ్ళ తరబడి అక్కడే కాపురం పెడుతుంది. మేం చదువుకునే రోజుల్లో మాకూ తెలియదు. కారం, కంగారు, అంతే, అని చెప్పేవారు. రెండు వారాలు మందు వేస్తే పురుగు చస్తుంది, పుండు ఆరుతుంది." ఆయన చేతులు తుడుచుకున్న గుడ్డ భుజాన వేసుకున్నాడు. "నిజం చెప్పనా? నువ్వు ఉన్నదున్నట్టు రాసి ఉంటే, మొన్న మంగళవారమే మిరపకాయలు మానెయ్యి, టీ తగ్గించు అని చెప్పి, రెండు సీసాల తెల్లమందు ఇచ్చి పంపేసేవాణ్ణి. మళ్ళీ రమ్మనేది దసరా పూజల తరవాతే."

కాసులమ్మకి పూజల దాకా లెక్క వేసుకోవడానికి కొంతసేపు పట్టింది. మూడు నెలలని తేలాక ఆయన కాళ్ళ మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగి, బల్ల మీది పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అలాగని దీన్ని మెచ్చుకుంటున్నాననుకోకు. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నువ్వు ఇడ్లీలతో మూడు రోజులు తిప్పావు. పుండు మానే దాకా మెత్తగా, చప్పగా పెట్టు. వేరే కాగితం ఎందుకు, ఇందులో నువ్వు రాసిందే పెట్టు. మళ్ళీ ఏడు రోజులు రాసి తీసుకురా. ఈసారి వాడు ఏం తింటే అది."

"నా కొడుకు మీదొట్టు బాబూ," అంది కాసులమ్మ.

శనివారం కోదండాన్ని ఇంటికి పంపారు. వాడు తల్లితో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూటకి, "ఆపిలు కూడా రాసావంటే! మరి తెచ్చి పెట్టలేదేటే?" అన్నాడు. దాంతో మాటలు కలిశాయి. మాత్రలు మొదలుపెట్టిన నాలుగో రోజుకి తెల్లవారుజామున మంట రాలేదు. కాసులమ్మ మాత్రం ఆ వేళకి లేచి కూర్చుని, రాని మంట కోసం వాడి మొహంలోకి చూస్తూ ఉంది. పొద్దున్న ఇడ్లీ రెండు, చట్నీ లేకుండా. మధ్యాహ్నానికి గిన్నెలో బీరకాయ కట్టి పంపింది. మంగళవారం దాకా ఒక్క అక్షరం అబద్ధం లేకుండా రాసింది.

బుధవారం సాయంత్రం తవిటమ్మ చీపురు గోడకి ఆనించి, ఆయాసపడుతూ వచ్చింది.

"ఒలప్పా, ఘాట్ కాడ హోటల్లో నీ కొడుకుని సూసాను. ఎర్రగా సేపల పులుసు, పక్కన రెండు పచ్చిమిరపకాయలు. నీ బీరకాయేమో కుక్కకి పెట్టీసినాడు, అది కూడా వాసన సూసి ఎలిపోనాది."

"మొకం ఎలాగున్నాది ఆడిది?" అంది కాసులమ్మ.

"ఎలాగుంతాది? నవ్వుతన్నాడు."

కాసులమ్మ గూట్లోంచి పెన్సిలు తీసింది. తరవాత పుస్తకం తెరిచి, పెన్సిలు తడి చేసుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: బుధవారం మధ్యాహ్నం, బీరకాయ, నొప్పి లేదు.